బుద్ధుడి పక్కనే తూము: శ్రీలంక పాత రాజధానుల్లో ఏడు రోజులు

వరంగల్ జిల్లాలో నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ రోజే మా ఆవిడ ఒక షరతు పెట్టింది: ఇకమీదట ఎక్కడికి వెళ్లినా చెరువు కట్టలెక్కి అడుగులు లెక్కపెట్టకూడదు. సరేనన్నాను. ఆ తర్వాత శ్రీలంక టూరుకి డబ్బు కట్టాను. బుద్ధ విగ్రహాలు, గుహలు, బుద్ధుడి దంతం ఉంచిన దంతాలయం అని కాగితంలో రాసి ఉంటే ఆవిడ సంతోషించింది. అనురాధపురం, పొలన్నరువ అనే ఊళ్లు చెరువుల మీదే బతికాయన్న సంగతి నేను చెప్పలేదు.

మొదటి రోజు

చెన్నై మీదుగా కొలంబో. ఇక్కడా అక్కడా ఒకటే టైము, గడియారం తిప్పుకునే పని లేదు. విమానాశ్రయం ఉన్నది కొలంబోలో కాదు, కటునాయకెలో. అక్కడినుంచి అటే ఉత్తరంగా వ్యాను ఎక్కేశాం కాబట్టి కొలంబో మొహం చూడలేదు.

మేం పదకొండు మందిమి. గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేడం, ఆవిడ భర్త. శ్రీకాకుళం నుంచి ఒక బ్యాంకు ఆఫీసరు, ఆయన భార్య, బావమరిది. వైజాగ్ నుంచి అక్కాచెల్లెళ్లు. హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ జంట, అయిదేళ్ల కొడుకుని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చారు. మేమిద్దరం. గైడుకి నలభై ఏళ్లుంటాయి. "నన్ను మల్లీ అనండి" అన్నాడు. సింహళంలో తమ్ముణ్ణి అలా పిలుస్తారట. మా దగ్గర మల్లి ఆడపిల్ల పేరని వైజాగ్ చెల్లెలు చెప్తే అతనే ఎక్కువ నవ్వాడు.

దారిలో భోజనానికి ఆగితే అన్నం, పప్పు, పనసకాయ కూర, కొబ్బరి పచ్చడి. కొబ్బరి పచ్చడి ఎర్రగా, కారంగా, మన రోటి పచ్చడిలా ఉంది. గుంటూరు మేడం రెండోసారి వేయించుకున్నాక మల్లి వచ్చి, అందులో ఉంబలకడ ఉంటుంది, అంటే ఎండు చేప పొడి, అని చెప్పాడు. ఆవిడ నలభై ఏళ్లుగా శాకాహారి. కాసేపు బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. "బాగుంది, అదే బాధ" అందావిడ.

రాత్రికి అనురాధపురం. హోటల్ గదికి వెళ్లే దారిలోనే కప్పల అరుపులు వినిపించాయి. దగ్గర్లో నీళ్లున్నాయని అర్థమైంది. మా ఆవిడతో అనలేదు.

రెండో రోజు

అనురాధపురం క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం నుంచి క్రీస్తుశకం 11వ శతాబ్దం దాకా రాజధాని. ఇంచుమించు పదమూడు పద్నాలుగు వందల ఏళ్లు. మన ఓరుగల్లు కాకతీయుల రాజధానిగా ఉన్న కాలం ఇందులో ఏడో వంతు కూడా ఉండదేమో.

తెల్లవారగానే మహాబోధి దగ్గరికి తీసుకెళ్లాడు మల్లి. బుద్ధగయ బోధి చెట్టు కొమ్మని అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చింది. దేవానాంపియ తిస్స రాజుగా ఉన్న రోజుల్లో, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, ఇక్కడ నాటారు. మనిషి నాటిన చెట్లలో నాటిన కాలం తెలిసినవాటిలో ఇంత పాతది ఇంకోటి లేదంటారు. అసలు చెట్టు పైన, బంగారు కంచె వెనక ఉంటుంది. కొమ్మలు సన్నగా ఉన్నాయి, కింద బంగారు పూత వేసిన ఊతకర్రలు పెట్టారు. చుట్టూ ఉన్న మిగతా రావిచెట్లు దానికంటే బలంగా కనిపిస్తాయి. తెల్ల బట్టలేసుకున్న ఆడవాళ్లు తామరపూల పళ్లేలతో నేల మీద కూర్చుని ఏదో చదువుతున్నారు. మా ఆవిడ వాళ్ల పక్కన కూర్చుంది. ఏం చదువుతున్నారో తెలియకపోయినా లేవడానికి అరగంట పట్టింది.

చెప్పులు, టోపీ రెండూ తీసెయ్యాలి. తొమ్మిది దాటాక రాళ్ల మీద నడవడం అంటే పెనం మీద నడిచినట్టే. వెళ్లేవాళ్లు సాక్సులు పట్టుకెళ్లండి, సాక్సులకి అభ్యంతరం లేదు.

రువన్‌వెలి స్తూపం తెల్లగా, పెద్ద బుడగలా ఉంటుంది. చుట్టూ ప్రాకారానికి ఏనుగులు, వరసగా భుజం భుజం ఆనించి నిలబడ్డట్టు. దీన్ని కట్టించింది దుట్ఠగామణి. పూర్తికాకముందే మంచాన పడ్డాడు. తమ్ముడు సద్ధాతిస్స స్తూపానికి తెల్లగుడ్డలు చుట్టించి, అయిపోయింది చూడన్నా అని చూపించాడట. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదు. మంత్రిగారు వచ్చే ముందు రోజు సున్నం కొట్టించడం మేమూ చేశాం.

ఈ రాజు ఓడించి చంపినవాడు ఎల్లాళుడు, వాళ్లు ఎలార అంటారు. చోళ దేశం నుంచి వచ్చి నలభై నాలుగేళ్లు అనురాధపురం ఏలాడు. శత్రువే అయినా, అతను పడిపోయిన చోట సమాధి కట్టించి, అటువైపు వెళ్లేవాళ్లు వాద్యాలు ఆపాలని దుట్ఠగామణి ఆజ్ఞ వేశాడని వాళ్ల పాత చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. మల్లి ఈ కథ చెప్తూ గొంతు తగ్గించాడు. యుద్ధం జరిగిన దేశంలో సింహళ రాజు, తమిళ రాజు అనే మాటలు ఎవరూ గట్టిగా అనరని తర్వాత గమనించాను.

జేతవన స్తూపం దగ్గర నేను ఆగిపోయాను. మహాసేనుడు మొదలుపెట్టాడు, కాలం మూడో శతాబ్దం చివర. కట్టినప్పుడు ఎత్తు 122 మీటర్లు. ఆ కాలానికి గిజాలోని రెండు పిరమిడ్లు తప్ప ఇంతకంటే ఎత్తయిన కట్టడం లేదు. మొత్తం ఇటుక. 9 కోట్ల పైచిలుకు ఇటుకలని అంచనా. ఇటుక కాల్చడానికి కట్టెలు, మట్టికి గుంటలు, మోతకి ఎడ్లు, ఇన్ని వేలమందికి రోజూ అన్నం... వర్షం తక్కువ పడే ఈ మెట్ట నేలలో ఆ అన్నం ఎక్కడిది అని మల్లిని అడిగాను. "వెవ" అన్నాడు. చెరువు. సంస్కృతం 'వాపి' వాళ్ల దగ్గర వెవ అయింది, మన దగ్గర బావి అయింది. మా ఆవిడ నా వంక చూసింది. అప్పుడు తెలిసిపోయింది ఆవిడకి.

గుంటూరు మేడానికి మ్యూజియంలో సొంతూరు కనిపించింది. సున్నపురాతి శిల్పాల ముందు నిలబడి, "ఇదిగో, ఇది మా అమరావతి చెయ్యి" అంది. అమరావతి శైలి శిల్పాలు ఇక్కడ దొరికాయి, కృష్ణ ఒడ్డుకి ఈ ఊరికి రాకపోకలు ఉండేవి. నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదని, తంబపన్ని, అంటే శ్రీలంక, బౌద్ధ భిక్షువుల ప్రస్తావన మూడో శతాబ్దపు శాసనంలో ఉందని ఆవిడ పాఠం చెప్తుంటే మల్లి పుస్తకం తీసి రాసుకున్నాడు. గైడు రాసుకోవడం నేను మొదటిసారి చూశాను.

అభయగిరి విహారం వైపు కుట్టం పొకున అనే జంట కోనేళ్లున్నాయి. అందరూ మెట్లకీ నాగపడగకీ ఫోటోలు తీశారు. నేను చూసింది పక్కనున్న చిన్న రాతి తొట్టిని. నీళ్లు కోనేట్లోకి వచ్చేముందు అందులో పడి, ఒండ్రు అడుగున పేరుకుని, పైన తేరిన నీళ్లు మాత్రమే లోపలికి పోతాయి. మేం సిల్ట్ ట్రాప్ అని డ్రాయింగులు గీసి ఆమోదానికి పంపి ఆరు నెలలు ఎదురుచూసేది ఇదే.

సాయంత్రం తిస్స వెవ కట్ట మీద ఒక సంగతి జరిగింది. మేం తెలుగులో వాదించుకుంటూ నడుస్తున్నాం, చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, ఎంతవరకుంటుందని. భుజాన సంచి వేసుకున్న ఒక పెద్దావిడ ఆగి మమ్మల్ని చూస్తోంది. చెయ్యి చూసి జాతకం చెప్తానని సింహళంలో ఎవరినో అప్పటిదాకా బతిమాలుతోంది. దగ్గరికొచ్చి, "మీరు తెలుగువాళ్లా?" అంది.

మల్లి చెప్పాడు, వీళ్లని అహికుంటక అంటారు. మగవాళ్లు పాములాడిస్తారు, ఆడవాళ్లు చెయ్యి చూస్తారు. ఎన్ని తరాల కిందట వచ్చారో, ఇంట్లో మాత్రం తెలుగే. తంబుత్తేగమ వైపు వాళ్ల ఊరు ఉంది. ఆవిడ మాటలో అరవం, సింహళం కలిసిపోయి ఉన్నాయి, ఒక్కో వాక్యం రెండుసార్లు అడిగితేగానీ మాకు అందలేదు. మా మాటలూ ఆవిడకి అంతే. కానీ నీళ్లు, పాము, బిడ్డ, అన్నం అనేవి నేరుగా తగిలాయి. మా ఆవిడ చెయ్యి చాపింది. ఆవిడ చెయ్యి పట్టుకుందేగానీ జాతకం చెప్పలేదు. వరసగా ప్రశ్నలు వేసింది. మీ ఊళ్లో ఎంతమంది ఈ మాట మాట్లాడతారు? అందరూనా? బడిలో కూడానా? పోలీసులు కూడానా? కోట్లమంది అంటే ఆవిడకి నమ్మకం కుదరలేదు, మేం ఎక్కువ చేసి చెబుతున్నాం అనుకుంది. తన మనవలు బడికి పోయి సింహళమే మాట్లాడుతున్నారని చెప్పింది. కట్టకి ఆ చివర హైదరాబాద్ జంట కొడుకుతో వీడియో కాల్లో ఉన్నారు, ఇంగ్లిషులో.

డబ్బిస్తే తీసుకుంది. చెయ్యి చూడకుండా తీసుకున్నందుకు ఇబ్బంది పడి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, నీకు మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని మా ఆవిడకి చెప్పింది. మోకాళ్ల సంగతి మేం చెప్పనేలేదు. అంటే, నడక చూస్తే ఎవరికైనా తెలుస్తుందనుకోండి.

మూడో రోజు

పొద్దున మిహింతలె. అశోకుడి కొడుకు మహిందుడు దేవానాంపియ తిస్సని కలిసిన కొండ. మామిడిచెట్టు చూపించి రాజు తెలివిని పరీక్షించాడని కథ. 1,840 మెట్లు, సగం దాకా వ్యాను వెళ్తుంది, మేం అలాగే వెళ్లాం. కింద పాత ఆసుపత్రి శిథిలాల్లో మనిషి ఆకారంలో తొలిచిన రాతి తొట్టి ఉంది, రోగిని మూలికల నూనెల్లో పడుకోబెట్టేవారట. కంతక చేతియ అనే స్తూపం ముందరి రాతి వేదికని చూసి, నాగార్జునకొండలోని ఆయక వేదికల్ని పోల్చుకోండి అంది మేడం. ఎండ ఎక్కువగా ఉంది. ఎవరూ పోల్చలేదు.

టూరు కాగితం ప్రకారం అక్కడినుంచి నేరుగా హబరణ హోటల్. మధ్యలో కలా వెవ ఉంది, పక్కదారిలో. కాగితంలో లేదు. ముందురోజు రాత్రే మల్లిని పక్కకి పిలిచి అడిగాను. మధ్యాహ్నం ఆగాల్సిన రత్నాల దుకాణం మానేస్తే కుదురుతుందన్నాడు. ఓటింగ్ పెట్టాం. వైజాగ్ అక్కాచెల్లెళ్లు రత్నాలకి, మిగతావాళ్లు చెరువుకి. మా ఆవిడ కూడా చెరువుకే ఓటేసింది, రత్నాల దుకాణంలో నా జేబు సంగతి తెలుసు కాబట్టి.

కలా వెవ కట్టించింది ధాతుసేనుడు, అయిదో శతాబ్దంలో. కట్టెక్కి నిలబడితే అవతలి ఒడ్డు కనిపించలేదు. సెప్టెంబరు కావడంతో నీళ్లు తగ్గి ఉన్నాయి. చాలామందికి అది నిరాశే. నాకు అదే కావాలి, నీళ్లు వదిలే తూము బయటపడి ఉంటుంది. కట్ట లోపలివైపు అలలకి మట్టి కొట్టుకుపోకుండా పేర్చిన రాళ్లని వాళ్లు రళపనావ అంటారు. తూముని సొరొవ్వ. నీళ్లు పంచే పెద్దమనిషి వెల్ విదానె, మన నీరటికాడి లాంటివాడు. మల్లి ఒక్కో మాట చెప్పడం, నేను మన మాట చెప్పడం. కాసేపయ్యాక మాకు ఇంగ్లిషు అవసరం తగ్గిపోయింది, చేతులతోనే నడిచింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చెరువు ఎంత లోతుంటే, అడుగునున్న తూములోంచి నీళ్లు అంత ఒత్తిడితో దూసుకొస్తాయి. కట్టని కోసేస్తాయి. పెద్ద చెరువులు తెగేది తరచు తూము దగ్గరే. పాత సింహళ పనివాళ్లు కట్ట లోపల నలుచదరపు బావి లాంటిది రాళ్లతో కట్టి, చెరువు నీళ్లు ముందు దాంట్లోకి వచ్చేలా, ఎన్ని వదలాలో అక్కడ అదుపు చేసేలా చేశారు. దాని పేరు బిసోకొటువ. క్రీస్తుపూర్వమే వీళ్లకి ఇది తెలుసు. బ్రిటిష్ కాలంలో ఇక్కడ పనిచేసిన హెన్రీ పార్కర్ అనే ఇంజినీరు ఈ పాత తూముల్ని కొలిచి, మన కాలపు వాల్వ్ టవర్లకి ఇవే పూర్వీకులని రాశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాకాల చెరువు తూము దగ్గర మా పెద్ద ఇంజినీరుగారు ఈ మాట చెప్పినప్పుడు నేను తలూపానేగానీ నమ్మలేదు.

కలా వెవ నుంచి అనురాధపురం తిస్స వెవ దాకా ఒక కాలువ తవ్వారు, జయగంగ. 54 మైళ్లు. మొదటి 17 మైళ్లలో వాలు మైలుకి 6 అంగుళాలు. మళ్లీ చదవండి: మైలుకి ఆరంగుళాలు. లెవెల్ మిషన్ పెట్టుకుని కూడా మేం కాలువల్లో ఇంతకంటే పెద్ద తప్పులు చేశాం, ఎక్కడెక్కడో ఇక్కడ రాయను. పైగా దానికి ఒకవైపే కట్ట. రెండోవైపు నేల ఎత్తునే ఒడ్డుగా వదిలేశారు, వాన నీళ్లు అటునుంచి దిగి కలిసిపోతాయి. దారిలో చిన్న చెరువుల్ని నింపుకుంటూ పోతుంది. మన గొలుసుకట్టు చెరువుల పద్ధతే. ఇక్కడి గొలుసు చెరువుల్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మనవాటిలో ఎన్ని ప్లాట్లయ్యాయో మనకి తెలుసు.

ధాతుసేనుడి చావు ఇదే నీటి పక్కన మొదలైంది. కొడుకు కాశ్యపుడు, సేనాపతితో కలిసి, తండ్రిని బంధించి, దాచిన ధనం ఎక్కడుందో చెప్పమన్నాడు. రాజు కలా వెవకి తీసుకెళ్లమన్నాడు. చెరువులో దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని, నా దగ్గరున్న సొత్తు ఇదే అన్నాడట. కొడుకు తండ్రిని గోడలో పెట్టి బతికుండగానే మూసేయించాడు. ఇంకో కథ కూడా ఉంది. ఈ కట్ట వేసేటప్పుడు ధ్యానంలో ఉన్న ఒక భిక్షువు లేవకపోతే, రాజు అతని మీదే మట్టి పోయించాడని, ఆ పాపమే ఇలా తిరిగొచ్చిందని. మల్లి రెండు కథలూ చెప్పి, ఏది నమ్ముతారో మీ ఇష్టం అన్నాడు. ముంపు ఊళ్లు ఖాళీ చేయించిన ఉద్యోగం నాది. నేను రెండూ నమ్మాను.

వెళ్లేటప్పుడు చెరువు ఆ చివర ఏనుగులు కనిపించాయి. వైజాగ్ అక్కయ్య రత్నాల సంగతి మర్చిపోయింది.

నాలుగో రోజు

సిగిరియ. తండ్రిని చంపిన కాశ్యపుడు అనురాధపురంలో ఉండలేక ఈ బండ మీదికి రాజధాని మార్చాడు. ఏలింది 477 నుంచి 495 దాకా. తమ్ముడు మొగ్గల్లానుడు ఇండియా పారిపోయి సైన్యంతో తిరిగొచ్చాడు. యుద్ధంలో కాశ్యపుడి ఏనుగు బురద తప్పించుకోవడానికి పక్కకి తిరిగితే, రాజు వెనక్కి తిరిగాడనుకుని సైన్యం చెల్లాచెదురైంది. అతను గొంతు కోసుకున్నాడు.

సార్క్ దేశాల వాళ్లకి టికెట్లో రాయితీ ఉంది, పాస్‌పోర్టు చూపించాలి. నాది హోటల్ లాకర్లో ఉంది. మిగతా పదిమందీ రాయితీ టికెట్లు, నాకు పూర్తి ధర. ఎంతో ఇక్కడ రాయను, మా ఆవిడ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్తూనే ఉంది.

ఎక్కడానికి 1,200 మెట్లు. కింద తోటల్లో ఫౌంటెన్లున్నాయి, చిల్లులు పెట్టిన సున్నపురాతి పలకలు. ఎత్తులోని నీటి ఒత్తిడితోనే పైకి ఎగుస్తాయి. వానాకాలంలో ఇప్పటికీ పనిచేస్తాయట, మేం వెళ్లినప్పుడు ఎండిపోయి ఉన్నాయి. సగం ఎత్తులో, బండ పొట్టలో గీసిన అమ్మాయిలు. మేఘాల్లోంచి నడుం దాకా కనిపిస్తూ, చేతుల్లో పూలు. 1967లో ఎవరో రంగు పూసి పాడుచేస్తే మళ్లీ బాగు చేశారు. ఫోటోలు తీయనివ్వరు, అందువల్ల జనం నిజంగా చూస్తారు. పక్కనే అద్దం గోడ. ఒకప్పుడు మొహం కనిపించేంత నునుపుగా ఉండేదట. ఆరో శతాబ్దం నుంచి వచ్చిన చూపరులు దాని మీద పద్యాలు గీకారు, పైన అమ్మాయిల మీద. పురావస్తు పండితుడు సెనరత్ పరణవితాన వాటిలో 685 చదివి 1956లో అచ్చువేశారు. కోట గోడల మీద పేర్లు గీకే మనవాళ్లని తిట్టుకునే నేను, ఇక్కడ గీతల ముందు చాలాసేపు నిలబడ్డాను. పద్యం రాసినవాడికి మినహాయింపు ఇవ్వొచ్చేమో.

పైకెక్కే ద్వారాన్ని సింహం ఆకారంలో కట్టారు, దాని పంజాల దగ్గర కందిరీగలుంటాయి, గట్టిగా మాట్లాడొద్దని బోర్డు ఉంది. లేస్తే దాక్కోవడానికి వలతో గది కూడా కట్టారు. సింహం పోయింది, పంజాలే మిగిలాయి. మా ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది. నేను పైకెళ్లాను. అంత ఎత్తులో, రాతిలో తొలిచిన కోనేరు, నిండా నీళ్లు. తండ్రికి కొడుకే. కానీ తండ్రి కట్టింది ఇప్పటికీ పొలాలకి పారుతోంది, ఇది మాత్రం టికెట్ కొన్నవాళ్లకి.

అయిదో రోజు

పొలన్నరువ వెళ్లే దారిలో మిన్నేరియ. జేతవనం మొదలుపెట్టిన మహాసేనుడే ఈ చెరువూ కట్టించాడు. స్తూపం కట్టినందుకు కాదు, చెరువు కట్టినందుకు జనం అతన్ని మిన్నేరి దేవుడని కొలుస్తారు. ఎండలకి నీళ్లు తగ్గాక చెరువులో మొలిచే గడ్డికి ఏనుగులు గుంపులుగా వస్తాయి. వ్యాను ఆపలేదు, కిటికీలోంచే చూశాం.

11వ శతాబ్దంలో చోళులు అనురాధపురాన్ని దెబ్బతీసి పొలన్నరువ నుంచి ఏలారు. 1070లో విజయబాహు వాళ్లని వెళ్లగొట్టాడు. తర్వాత పరాక్రమబాహు, 1153 నుంచి 1186 వరకు. ఆకాశం నుంచి పడ్డ చుక్క ఒక్కటి కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్నాడని పుస్తకాల్లో ఉన్న రాజు ఇతనే. ఇంజినీరింగ్ కాలేజీలో ఈ మాట మాకు చెప్పారు, ఎవరిదో చెప్పలేదు. అతని చెరువు పేరు పరాక్రమ సముద్రం. నల్గొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం గుర్తొచ్చింది. చెరువుకి సముద్రం అని పేరుపెట్టే ధీమా రెండు చోట్లా ఉంది. మా రామప్ప గుడి శాసనం 1213 నాటిది, అంటే పరాక్రమబాహు పోయిన పాతికేళ్ల తర్వాత.

చోళుల శివాలయం ఒకటి చెక్కుచెదరకుండా ఉంది, రాజరాజు రాణి వానవన్ మహాదేవి పేరుతో. బుద్ధుడి ఊళ్లో శివుణ్ణి చూడగానే మా గుంపులో సగంమంది గబగబా కుంకుమ వెతుక్కున్నారు.

పరాక్రమబాహు తర్వాత ఏలిన నిశ్శంకమల్లుడు కట్టించినవి కూడా ఎక్కువే, చెప్పుకున్నవి ఇంకా ఎక్కువ. గల్‌పోత అనే రాతి పుస్తకం, పాతిక టన్నుల బండ, నిండా అతని గొప్పలే. మిహింతలె నుంచి లాగించి తెచ్చాడని అందులోనే రాసుంది. తాను కళింగలోని సింహపురంలో పుట్టానని ఇతను చెప్పుకున్నాడు. మల్లి ఆ మాట అనగానే శ్రీకాకుళం ఆఫీసరు చెయ్యెత్తాడు. శ్రీకాకుళం పక్కన సింగుపురం ఉంది, అదే ఆ సింహపురమని కొందరు చరిత్రకారులు అంటారు. "మావాడే" అన్నాడు. అంత గొప్పలు చెప్పుకున్నాడంటే అనుమానమే లేదని ఆయన భార్య అంది.

గల్ విహారకి సాయంత్రం వెళ్లాం. ఒకే బండలో తొలిచిన నాలుగు విగ్రహాలు. పడుకున్న బుద్ధుడు 14 మీటర్లు. తల కింద దిండు కొంచెం లోపలికి నొక్కుకుపోయినట్టు చెక్కారు, రాయిలో. దాని గురించి ఇంకేం రాయాలో తెలియదు. నలభై నిమిషాలు ఎదురుగా కూర్చున్నాం, మల్లి తొందరపెట్టలేదు.

ఆరో రోజు

దంబుల్ల గుహలు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో వలగంబ రాజు దాక్కున్న చోటట. అయిదు గుహలు, నూటయాభైకి పైగా బుద్ధులు, కప్పంతా బొమ్మలు, రాయి ఎగుడుదిగుళ్లకి గుడ్డ కప్పినట్టు. ఇవి చాలావరకు 18వ శతాబ్దంలో కీర్తి శ్రీ రాజసింహ రోజుల్లో వేయించినవి. అతను కండి నాయక రాజు. మదురై నాయకుల బంధువులు, తెలుగు మూలాలున్నవాళ్లు. బయటకొచ్చాక తలెత్తి చూస్తే గుహ పైఅంచున రాతిలో సన్నటి గాడి. వాన నీళ్లు బండ వెంట జారి లోపలికి రాకుండా అక్కడే తెగి కింద పడతాయి. ఆ గాడి లేకపోతే లోపల ఒక్క బొమ్మా మిగిలేది కాదు.

తర్వాత మసాలా తోట. చిట్టి సీసా నూనె ధర విని గుంటూరు మేడం, మా ఊరి మిర్చి యార్డు రేట్లు చెప్పమంటావా బాబూ అని అడిగింది. గంటన్నర పోయింది. టూరు కంపెనీలకి ఇదొక్కటి మానిపించే చట్టం రావాలి.

సాయంత్రం కండి, ఆరున్నర పూజకి దంతాలయం. డప్పులు చెవులు దద్దరిల్లేలా మోగుతుంటే, జనం పూలు పట్టుకుని పై అంతస్తులో తలుపు తెరిచే క్షణం కోసం నిలబడతారు. దంతం కనిపించదు, దాన్ని ఉంచిన బంగారు కరండం, అంటే భరిణె, మాత్రమే. నాలుగో శతాబ్దంలో కళింగ రాకుమారి హేమమాల, ఈ దంతాన్ని జుట్టులో దాచుకుని, భర్తతో కలిసి దంతపురం నుంచి తెచ్చిందని కథ. దంతపురం అనగానే అందరం శ్రీకాకుళం ఆఫీసరు వైపు తిరిగాం. ఆయన అప్పటికే ఊపిరి తీసుకుని సిద్ధంగా ఉన్నాడు. సరుబుజ్జిలి మండలంలో దంతవరపుకోట, అదే దంతపురమంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. "కాదనేవాళ్లు ఒడిశావాళ్లు" అన్నాడు.

ఏడో రోజు

పొద్దున్నే కండి చెరువు చుట్టూ నడిచాను. దీన్ని 1807లో చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ తవ్వించాడు, పొలాల్ని ముంచి. అసలు పేరు కన్నసామి. 1739లో మొదలైన నాయక వంశం ఇతనితో ముగిసింది. 1815 మార్చి 2న సామంతులు దేశాన్ని బ్రిటిష్ వాళ్లకి అప్పగిస్తూ సంతకాలు చేశారు, కొందరు తమిళ లిపిలో. రాజుని వేలూరు కోటకి పంపించారు, 1832లో అక్కడే పోయాడు. ఆ చెరువు నీళ్లు పొలాలకేమీ పారవు, చూడ్డానికే. తూము కోసం వెతుకుతుంటే మా ఆవిడ ఫోన్ చేసి, వ్యాను ఎక్కేశాం అంది.

కటునాయకెలో మల్లికి అందరం కలిసి కవరిచ్చాం. అతను గుంటూరు మేడం కాళ్లకి దండం పెట్టాడు. నాతో "సొరొవ్వ" అన్నాడు, నేను "తూము" అన్నాను.

చెన్నైలో సామాను కోసం నిలబడి ఉండగా శ్రీకాకుళం ఆఫీసరు దగ్గరికొచ్చాడు. డిసెంబరులో రండి, దంతవరపుకోట చూపిస్తానన్నాడు. అంతలోనే, ముందే చెప్తున్నా, అక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదు, చుట్టూ మట్టి కట్ట తప్ప అని నసిగాడు.

ఎత్తెంత ఉంటుందని అడిగాను.